తిరగని ఫ్యాను

నేరం చేయలేదనేవాణ్ణి ప్రశ్నించడం తేలిక. వాడు నాలుగు అబద్ధాలు చెబుతాడు, పట్టుకోవడానికి పిలక దొరుకుతుంది. చేశానని ఒప్పుకుని నోరు కట్టేసుకున్నవాడితోనే చిక్కు. వాడు గుండు చేయించుకుని కూచున్నట్టే. ఎక్కడ పట్టుకుంటాం?

నేను రిటైరైన పోలీసువాణ్ణి. లాకప్పులో నా ఎదురుగా కూచున్న అంబులెన్సు డ్రైవరు అచ్చం అలాంటి గుండు. ఊరంతా ఇతన్ని "నిదానం" అని పిలుస్తారు. అంబులెన్సు నడిపేవాడికి ఇంతకన్నా అన్యాయమైన పేరు ఉంటే చెప్పండి, నా మీసం తీసేస్తాను.

"ఏం నాయనా, తిన్నావా?" అన్నాను.

"తిన్నానండీ."

"ఇక్కడి తిండి తిని ఇంకా కూచోగలుగుతున్నావంటే గట్టి పిండానివే. సరే, మళ్ళీ మొదట్నుంచీ చెప్పు. మీ పక్కింటి టీచరమ్మ వాళ్ళమ్మకి గుండెనొప్పి వచ్చింది. నువ్వు బండి తెచ్చావు. తల్లీకూతుళ్ళని ఎక్కించుకున్నావు. తర్వాత?"

"ఆ ఎత్తు రోడ్డు మీద ఇంజను వేడెక్కిందండీ. పొగలొచ్చి ఆగిపోయింది. రెండో బండి వచ్చేలోగా ఆవిడ పోయారు. తప్పు నాదే."

"రేడియేటర్ దగ్గరుండే ఫ్యాను తిరగలేదు. అందుకే వేడెక్కింది. ఆ సంగతి దారిలో నీకు తెలుసా?"

అతను కాళ్ళ వేళ్ళ వంక చూసుకున్నాడు. "తెలుసు."

"వేడి చూపించే ముల్లు?"

"చూస్తూనే ఉన్నానండీ. పైకి పోతూనే ఉంది."

"చూస్తూ చూస్తూ నడిపావా? పొయ్యి మీద గిన్నె మాడుతుంటే పక్కన కూచుని లెక్కపెట్టినట్టు?"

అతను ఊచల వైపు తిరిగి కూచున్నాడు.

"పోలీసులు ఏమంటున్నారో తెలుసుగా. మీ రెండిళ్ళ మధ్యా గోడ తగాదా ఉంది. కోర్టుదాకా వెళ్ళింది. ముసలావిడ మీద కక్షతో ఫ్యాను తీగ కత్తిరించి, బండి కావాలని ఆపావంటున్నారు. నువ్వు నోరు విప్పకపోతే హత్య కేసే. మీ ఆవిడ ఇంటి గుమ్మంలో కూచుని ఏడుస్తోంది."

"గోడకోసం మనుషుల్ని చంపుతారాండీ?"

"చంపరు. అందుకే అడుగుతున్నా. ఒక్కటి చెప్పు. ఆ ఎత్తు రోడ్డు మలుపు దగ్గర కాపలావాడు ఇచ్చిన వాంగ్మూలం చూశాను. బండి చప్పుడు లేకుండా వచ్చి, పొగలు కక్కి ఆగిందన్నాడు. సైరన్ ఎందుకు వేయలేదు?"

అంతవరకూ రాయిలా ఉన్న మనిషి కనురెప్పలు ఒక్కసారి టపటప కొట్టుకున్నాయి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు చెయ్యి నోటి మీదకి పోయింది.

"మర్చిపోయానండీ."

ఆ రోజంతా అతను చెప్పిన అబద్ధం అదొక్కటే. అంత చెత్తగా అబద్ధం చెప్పేవాణ్ణి నా సర్వీసులో చూడలేదు. ఆ పిలక పట్టుకునే లేచాను. పట్టుకోకుండా ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

*

అంబులెన్సుని మునిసిపల్ షెడ్డులో పెట్టారు. నేను వెళ్ళేసరికి ముగ్గురున్నారు. మొదటివాడు ఇన్‌స్పెక్టరు. చొక్కా మడత నలగదు కాబట్టి స్టేషన్లో ఇతన్ని "ఇస్త్రీ" అంటారు, అతను లేనప్పుడు. రెండోవాడు షెడ్డు మెకానిక్కు, అందరికీ "బాబాయ్". మూడో మనిషి టీచరమ్మ. డ్రైవరు మీద ఫిర్యాదు ఇచ్చిందీ ఆవిడే, తర్వాత నిద్ర పట్టక నా దగ్గరకొచ్చి "మా అమ్మ ఎందుకు చనిపోయిందో నాకు నిజం కావాలి పెద్దాయనా" అని అడిగిందీ ఆవిడే. పాత టైరు మీద ముడుచుకుని కూచుని ఉంది. పాఠం చెప్పీ చెప్పీ అరిగిన గొంతు, అలాగే అరిగిపోయినట్టున్న మొహం.

"రండి పెద్దాయనా, రండి," అన్నాడు ఇస్త్రీ. "తవ్వుదాం. ఎలుకని పట్టాక కొండని కూడా మీరే మొయ్యాలి."

"నువ్వు పట్టిన ఎలుక ఏదీ, చూపించు నాయనా."

అతను బోనెట్ ఎత్తి టార్చి వేశాడు. రేడియేటర్ కింది భాగం నుంచి పైకొచ్చే సన్నని తీగ ఒకటి మధ్యలో తెగి ఉంది. చివర్లకి నల్ల టేపు.

"ఇదే. వేడి కనిపెట్టే స్విచ్చి నుంచి ఫ్యానుకి వెళ్ళే తీగ. కత్తితో కోసినట్టు లేదూ? ఫోటోలు తీయించాను. కేసు ముగిసింది. మీరు ఇంటికెళ్ళి మనవళ్ళకి కథలు చెప్పుకోండి."

"మనవళ్ళు నా కథలు నమ్మడం మానేశారయ్యా. అందుకే నీ దగ్గరకొచ్చాను."

టీచరమ్మ పెదాలు కొంచెం కదిలాయి. నవ్వనుకుంటాను. ఆ తర్వాత ఆవిడ నవ్వడం నేను చూడలేదు.

మా ఊళ్ళో ఒక కరెంటాయన ఉండేవాడు. తీగలో కరెంటు ఉందో లేదో చూడ్డానికి ఆ తీగని నాలిక మీద పెట్టుకునేవాడు. అలా పెట్టుకుని పెట్టుకుని చివరికి ఆయన ఆవులిస్తే పక్కింట్లో బల్బు వెలిగేదని చెప్పుకునేవారు. నేనంతటివాణ్ణి కాను. నా జేబులో టెస్ట్ ల్యాంపు ఉంటుంది, ఓ చిన్న బల్బూ రెండు తీగలూ. ఒక కొస ఎర్తుకి పెట్టి, రెండో కొస ఎక్కడ తాకించినా, కరెంటుంటే వెలుగుతుంది, లేకపోతే లేదు. దానికి పక్షపాతం తెలీదు. దాన్ని చూసి చాలామంది ఇన్‌స్పెక్టర్లు నేర్చుకోవాలి.

"బాబాయ్," అన్నాను మెకానిక్కుతో, "బ్యాటరీ నుంచి రెండు తీగలు తెచ్చి ఫ్యాను మోటారుకి నేరుగా ఇవ్వు."

ఇచ్చాడు. ఫ్యాను గిర్రున తిరిగింది. గాలికి ఇస్త్రీ చొక్కా మొదటిసారి నలిగింది.

"మోటారు బతికే ఉంది. ఫ్యూజు?"

లాగి చూశాను. బాగానే ఉంది. పక్కనే రిలే. ఇది తెలియనివాళ్ళకి ఒక మాట. రిలే అంటే గేటు దగ్గర బంట్రోతు లాంటిది. పెద్ద కరెంటు ఫ్యానుకి వెళ్ళే గేటు దాని చేతిలో ఉంటుంది. పైనుంచి చిన్న ఆజ్ఞ వస్తే గేటు తీస్తుంది. ఆజ్ఞ లేకపోతే దేవుడొచ్చినా తీయదు. ఆ రిలేని పీకి, హారన్‌కి ఉన్న అలాంటిదే రిలేని తెచ్చి దాని స్థానంలో పెట్టాను. తాళం తిప్పించాను. ఫ్యాను కదల్లేదు. పీకిన రిలేని హారన్ స్థానంలో పెట్టి నొక్కితే హారన్ మోగింది.

"అయితే బంట్రోతు మంచివాడే," అన్నాను. రిలే తీసేసి, ఆ గుంటలో గేటుకి ఇటూ అటూ ఉండే రెండు రంధ్రాల్నీ చిన్న తీగముక్కతో కలిపాను. ఫ్యాను తిరిగింది. "దారీ మంచిదే. రాకపోయింది ఆజ్ఞ ఒక్కటే."

"నేను చెప్పిందే కదా!" ఇస్త్రీ చప్పట్లు కొట్టాడు. "ఆజ్ఞ తెచ్చే తీగ కోసేశాడు. ఇంత కష్టపడి నా మాటే తిరిగి నాకు చెప్పారు."

"తొందరపడకు. ఆ టేపు విప్పు."

"నేనా?"

"నీ చెయ్యి మాసిపోతుందనుకుంటే నేనే విప్పుతాలే."

టేపు విప్పుతుంటే ఊడి రాలేదు, పెంకులు పెంకులుగా రాలింది. దాని అంచు నిండా నూనె పట్టిన దుమ్ము. లోపల రాగి తీగ నల్లబడి, కొస పచ్చగా చిలుం పట్టి ఉంది.

"మొన్న కోసిన తీగ కొత్త చెంబులా మెరవాలి నాయనా. ఇది ఎండల్నీ వానల్నీ చూసేసింది. దీన్ని కోసి చాన్నాళ్ళయింది. అప్పటికి ఈ డ్రైవరు ఈ బండి ఎక్కను కూడా లేదు. పైగా ఇన్నాళ్ళూ ఈ బండి రోగుల్ని మోస్తూనే ఉంది, ఎప్పుడూ వేడెక్కలేదు. అంటే ఈ తీగ తెగినా ఫ్యాను తిరిగేది. ఎలా?"

నేను ఇస్త్రీని చూడ్డం లేదు, బాబాయ్‌ని చూస్తున్నాను. అతను గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. చేతులు ఎప్పుడో శుభ్రమైపోయాయి, ఇంకా తుడుస్తూనే ఉన్నాడు.

రిలే గుంటకి కింద వేలు పెట్టి తడిమాను. ఆజ్ఞ వచ్చే రంధ్రానికి మరో తీగ అతికి ఉంది. కంపెనీ తీగ కాదు, తెల్లది, ఇంటి వైరింగుకి వాడే రకం. ఆ జాయింటు చక్కగా, అల్లిన జడలా ఉంది. తీగ వెంటే వేలు పోనిచ్చాను. అది ఇంజను వెనక రబ్బరు బెజ్జంలోంచి డ్రైవరు క్యాబిన్‌లోకి దూరింది.

"బాబాయ్, ఈ జడ నీదేనా?"

"...నాదేనండీ."

"లోపల ఎక్కడికి వెళ్తుంది?"

అతను మళ్ళీ గుడ్డ చేతుల మీద రుద్దుకున్నాడు. కానీ కళ్ళు మాట వినవు. అవి బండి పైకప్పు మీదకి వెళ్ళి, మళ్ళీ చటుక్కున కిందికి దిగాయి. పైకప్పు మీద ఏముంది? నీలం దీపాలు. వాటి పక్కన గరాటా మూతిది ఒకటి.

అప్పుడు నాకు కాపలావాడి మాట గుర్తొచ్చింది. చప్పుడు లేకుండా వచ్చింది. నిదానం కనురెప్పలు గుర్తొచ్చాయి. ఆ రోజు బండిలో వెనక రోగి కాక ఇంకెవరున్నారో కూడా గుర్తొచ్చింది. నా చేతిలో టెస్ట్ ల్యాంపు బరువెక్కిపోయింది.

"అమ్మాయీ," అన్నాను టీచరమ్మతో, "గొంతు ఎండిపోతోంది. ఆఫీసు గదిలో మంచినీళ్ళుంటాయేమో చూసి తెచ్చిపెడతావా?"

"మీ పక్కనే సీసా ఉంది కదండీ," అందామె.

నిజమే, ఉంది. అబద్ధం ఆడటంలో నేనూ నిదానానికి అన్నలాంటివాణ్ణే.

"ఇక చాలు," అని ఇస్త్రీ వైపు తిరిగాను. "తీగ పాతదని తేలింది. డ్రైవరు కోయలేదు. ఇవాళ్టికి ఇంతే."

"అబ్బో! ఇంతసేపూ ఊపి ఊపి ఇప్పుడు ఇంతేనా?" అతను క్యాబిన్ తలుపు తీసి సీట్లో కూచున్నాడు. "ఈ తెల్ల తీగ ఇక్కడి స్విచ్చుల్లో ఒకదానికి వెళ్తోంది. మీ బల్బు అక్కడ పెట్టి పట్టుకోండి. ఒక్కొక్కటే వేస్తాను."

"దిగు నాయనా."

"ఏం పెద్దాయనా, భయమా? ఇన్నేళ్ళూ నన్ను పాఠం చెప్పినట్టు తిట్టారు. ఇవాళ నేను చెప్తా, చూడండి." రిలేని తనే మళ్ళీ పెట్టించాడు. ముందు దీపాలు వేశాడు, ఫ్యాను కదల్లేదు. అద్దం తుడిచేవి వేశాడు, కదల్లేదు. లోపలి లైటు, లేదు. నేను ఇంకోసారి "దిగు" అన్నాను. గట్టిగానే అన్నాను.

అతను సైరన్ నొక్కాడు.

షెడ్డు రేకులు అదిరిపోయేలా అది కూసింది. ఆ కూతలోనే, రిలే టక్కుమంది. ఫ్యాను తిరిగింది. ఇస్త్రీ ఆపాడు, ఫ్యాను ఆగింది. మళ్ళీ వేశాడు, తిరిగింది. పిల్లాడికి కొత్త బొమ్మ దొరికినట్టు రెండు మూడుసార్లు వేసి ఆపాడు.

బాబాయ్ నేల మీద కూలబడ్డాడు.

"ఆ వేడి స్విచ్చి పాడైపోయిందండీ," అన్నాడు. "కొత్తది రమ్మంటే రాలేదు. బండి ఆపేస్తే రోగులెలాగ? అందుకని డైరెక్టుగా ఓ స్విచ్చి పెట్టి, డ్రైవరే ఫ్యాను వేసుకునేలా చేశాను. పాత డ్రైవరు ఒకరోజు వేయడం మర్చిపోయాడు. ఇంజను పోయినంత పనైంది. అప్పుడు ఆలోచించాను. బండిలో రోగి ఉంటేనే పరుగు. పరుగు ఉంటే సైరన్ వేస్తారు. వేడెక్కేదీ అప్పుడే. ఖాళీ బండి మెల్లగా పోతుంది, గాలికే చల్లబడుతుంది. సైరన్‌కీ ఫ్యానుకీ ముడిపెడితే ఇక మర్చిపోయే పనే లేదు కదా అని... మంచిపనే అనుకున్నానండీ. ఎవరైనా రోగిని ఎక్కించుకుని సైరన్ ఆపేస్తారని నేనెలా అనుకుంటాను?"

"నిదానానికి చెప్పావా?" అన్నాడు ఇస్త్రీ.

"చెప్పానండీ. నా ముందే వేసి చూసుకున్నాడు. పాపం, బాగా గుర్తు పెట్టుకున్నాడు."

ఇస్త్రీ క్యాబిన్ లోంచి దూకాడు. మొహం వెలిగిపోతోంది. "విన్నారా పెద్దాయనా? వాడికి తెలుసు! సైరన్ ఆపితే ఫ్యాను ఆగుతుందని తెలిసి, ఎత్తు రోడ్డు మీద ఆపాడు. తీగ కోయడం కన్నా గట్టి సాక్ష్యం ఇది. ఉరితాడు మీరే పేనిపెట్టారు. చాలా థాంక్సండీ!"

నేను చెప్పగలిగిన జవాబు నా వెనక లేచి నిలబడింది.

"ఆపమన్నది నేను," అంది టీచరమ్మ.

ఇస్త్రీ వెనక్కి తిరిగాడు. "ఏంటమ్మా?"

"సైరన్ ఆపమన్నది నేనండీ. మా నాన్నని ఇలాంటి బండిలోనే తీసుకెళ్ళారు. మళ్ళీ రాలేదు. ఆ కూత వింటే అమ్మ వణికిపోయేది. నా చెయ్యి పట్టుకుని, ఆపించవే, ఆపించవే అని ఒకటే ఏడుపు. నేను మధ్య అద్దం కొట్టి, అన్నయ్యా ఆపు అన్నాను. ఏదో చెప్పబోయాడు. ఓర్చుకో చెల్లెమ్మా, ఇంజను... అన్నాడు. నేను విన్లేదు."

ఆమె పైకప్పు మీది గరాటా వంక చూసింది.

"అప్పుడు నేనొక మాటన్నాను. మా అమ్మంటే నీకు కక్ష, ఆ గోడ నీ కడుపులో ఉంది, అందుకే ఆవిడ ఏడుస్తున్నా నీకు పట్టదు అన్నాను. అతను నా వంక ఒకసారి చూశాడు. ఆపేశాడు. ఎత్తు మొదలయ్యాక మళ్ళీ వేశాడు. నేను అద్దం బాదాను. మళ్ళీ ఆపేశాడు. ఇంక వేయలేదు. అమ్మ కొంచెం నెమ్మదించింది. బాగుందే ఇప్పుడు, అంది."

"అమ్మాయీ," అన్నాను, "ఆవిడ గుండె అప్పటికే బాగా దెబ్బతిందని డాక్టరు చెప్పాడు. ఆగకుండా చేరినా—"

"చేరలేదు కదండీ," అంది. కాసేపటికి ఇస్త్రీ దగ్గరికి వెళ్ళి, "ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పండి. నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను. అతన్ని వదిలేయండి," అంది.

ఇస్త్రీ మొహంలో అంతవరకూ ఉన్న వెలుగు పోయింది. టోపీ తీసి చేత్తో తిప్పుతూ, "రేపు పెడుదురుగాని అమ్మా," అన్నాడు. అతను అంత మెత్తగా మాట్లాడగా నేను అప్పుడే విన్నాను.

"నేను ఇంటికెళ్తాను. మీరు వెళ్ళి అతనికి చెప్పండి," అంది.

ఆమెతో నడిచి వెళ్ళాల్సింది. కానీ ఆ మొహం చూసే ధైర్యం లేక, స్టేషన్ పని తొందరగా తేల్చాలన్న నెపం పెట్టుకుని జీపెక్కాను. నిజం కనిపెట్టడం వచ్చినంత బాగా, కనిపెట్టాక పక్కన నిలబడటం నాకు రాదు.

*

లాకప్పు ముందు నిలబడి చెప్పడం మొదలుపెట్టాను. పాత టేపు, తెల్ల తీగ, సైరన్. నిదానం ఊచలు పట్టుకుని విన్నాడు. మొహంలో సంతోషం వస్తుందేమోనని చూశాను. రాలేదు. కోపం వచ్చింది.

"టీచరమ్మ ముందు చెప్పారా?"

"అక్కడే ఉంది నాయనా. తనే చెప్పింది."

"ఎవరడిగారండీ మిమ్మల్ని?" ఊచలు పట్టి గుంజుతూ అరిచాడు. "నేను అడిగానా? నేను నోరు మూసుకుని కూచున్నాను కదా! నన్ను తిట్టుకుంటూ బతికేసేది. గోడవతల దుర్మార్గుడు ఉన్నాడనుకుంటే తిండైనా సయించేది. నేనైతే కొన్నేళ్ళు లోపలుండి బయటికొచ్చేవాణ్ణి. ఆవిడ ఎప్పుడొస్తుంది?"

ఇన్నేళ్ళ వృత్తిలో నన్ను నిలబెట్టి తిట్టిన దొంగలున్నారు, దొరలున్నారు. ఎవరి తిట్టూ అంత సూటిగా తగల్లేదు. అతను చెప్పింది తప్పని ఒక్క ముక్క కూడా నా దగ్గర లేదు.

"నీ భార్య సంగతి ఆలోచించావా మరి?" అన్నాను, ఏదో ఒకటి అనాలి గనక.

"ఆలోచించాను. దానికి నేను చేయలేదని తెలుసు. దానికి అది చాలు." చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకుని, ఉన్నట్టుండి తలెత్తాడు. "ఆవిడిప్పుడు ఎక్కడుంది?"

"ఇంటికెళ్ళింది."

"ఎవరితో?"

నేను ఇస్త్రీ వంక చూశాను. ఇస్త్రీ నా వంక చూశాడు.

"ఒంటరిగా వదిలేశారా?" అన్నాడు నిదానం. ఈసారి అరవలేదు. "ఆ ఇంట్లో ఇంకెవరున్నారండీ? వాళ్ళమ్మ ఒక్కత్తే కదా ఉండేది! ఫోన్ చేయండి. మా ఆవిడకి చేయండి. కేసూ కోర్టూ తర్వాత, ముందెళ్ళి ఆ పిల్ల పక్కన కూచోమనండి."

ఫోన్ ఇస్త్రీయే చేశాడు. అవతల ఆ ఇల్లాలు గుమ్మంలోనే ఉన్నట్టుంది, ఒక్క మోతకే ఎత్తింది. ఇస్త్రీ ఏం చెప్పాడో, ఆమె ఎందుకని అడగను కూడా అడగలేదు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని పరుగెత్తుతున్న చప్పుడు మాకు వినిపించింది. గేటు. మెట్లు. తర్వాత తలుపు మీద అరచేత్తో కొడుతున్న చప్పుడు. "వదినా! వదినా, నేను!"

కొట్టింది. మళ్ళీ కొట్టింది.

"లోపల గడియ వేసుందండీ," అంది రొప్పుతూ. "చెప్పులు బయటే ఉన్నాయి. పిలుస్తుంటే పలకడం లేదు."

ఇస్త్రీ విడుదల కాగితం రాయలేదు. ఎవరి సంతకమూ అడగలేదు. తాళం తీసి, "నడు," అన్నాడు. చెప్పుల్లేకుండానే నిదానం మా ఇద్దరికన్నా ముందు జీపు చేరాడు. నా వయసువాడు పరుగెత్తకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు.

పరుగెత్తాను.